ఇంట్లో తొలి గేమింగ్ కంప్యూటర్: విడిభాగాలు ఎంచుకునే తీరు

ప్లస్ టూ పరీక్షలు ముగిసి, కళాశాల ప్రవేశాలు మొదలయ్యే లోపు చెన్నైలోని మన తెలుగు ఇళ్ళలో కంప్యూటర్ మాట తప్పకుండా వస్తుంది. పిల్లలు "గేమింగ్ పీసీ" అంటారు. ఆ మాట వినగానే పెద్దలకు రెండు అనుమానాలు కలుగుతాయి. చదువు ఏమవుతుందన్నది ఒకటి, డబ్బు ఎంతవుతుందన్నది రెండవది. మొదటిదానికి ఎవరి పిల్లల్ని చూసి వారే జవాబు చెప్పుకోవాలి. రెండవదానికి ఇక్కడ వివరంగా జవాబు చెప్పవచ్చు. విడిభాగాలను సరైన వరుసలో ఎంచుకుంటే, పెద్ద మొత్తం ఒకేసారి పెట్టకుండా రెండు విడతల్లో, నాలుగైదు సంవత్సరాలు నిలిచే యంత్రాన్ని ఇంట్లోనే అమర్చుకోవచ్చు.

ముందుగా ఒక మాట. ట్రస్టు ఇచ్చే ఉపకార వేతనం కళాశాల రుసుముకు, పుస్తకాలకు ఉద్దేశించినది. ఈ వ్యాసం చదివి ఆ సొమ్మును రిచీ స్ట్రీట్‌కు తీసుకువెళ్ళవద్దు. విడిగా కొంత కూడబెట్టుకుని, ఎలాగూ కంప్యూటర్ కొనాలని అనుకుంటున్న కుటుంబాల కోసమే ఇది. హాస్టల్లో ఉండి చదవబోయే పిల్లలకు డెస్క్‌టాప్ కొనటం దండగ. వారికి ల్యాప్‌టాపే తగినది. తమిళనాడు ప్రభుత్వం 2011లో ప్రారంభించిన ఉచిత ల్యాప్‌టాప్ పథకం కింద గాని, మరో విధంగా గాని ఇంట్లోకి ల్యాప్‌టాప్ వచ్చి ఉంటే, బి.కాం., బి.ఏ. చదువులకు అది చాలు. మెకానికల్, సివిల్ విద్యార్థులు వాడే సాలిడ్‌వర్క్స్, ఆటోకాడ్, యానిమేషన్ నేర్చుకునేవారు వాడే బ్లెండర్ వంటివి మాత్రం గేములు ఆడే యంత్రం మీదే బాగా నడుస్తాయి. ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పి ఒప్పించే ముందు, మీ బ్రాంచిలో అవి నిజంగా ఉన్నాయో లేదో సిలబస్ చూసుకోండి.

"గేమింగ్" అనే మాటకు చెన్నైలో చెడ్డపేరు రావటానికి ఆన్‌లైన్ రమ్మీ కారణం. డబ్బు పందెం కట్టే ఆటలు వేరు, పిల్లలు అడిగే గేములు వేరు. తమిళనాడు 2022లోనే ఆన్‌లైన్ జూదం మీద చట్టం చేసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం పందెపు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. వాలరాంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటివి ఆ కోవలోకి రావు, ఉచితంగానే ఆడవచ్చు. అయితే వీటిలో తుపాకికి రంగులు, బొమ్మలు డబ్బుకు అమ్ముతారు. నాన్నగారి కార్డు నంబరును ఆ ఖాతాలో భద్రపరచకుండా ఉంటే ఆ బెడద ఉండదు.

ముందు తెర, తరువాత యంత్రం

దుకాణంలో అడుగు పెట్టగానే వినబడే మొదటి ప్రశ్న "బడ్జెట్ ఎంత సార్?". ఆ ప్రశ్నకు మీరు అంకె చెప్పిన మరుక్షణం మీ కంప్యూటర్‌ను ఎంచేది దుకాణదారు. ఇంటి దగ్గరే వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఏ గేములు, ఎంత తెర మీద ఆడతారు?

తెర మీద ప్రతి బొమ్మా చుక్కలతో తయారవుతుంది. 1920 x 1080 తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలు. 2560 x 1440 తెరలో 36.9 లక్షలు. 4కె అనే 3840 x 2160 తెరలో 82.9 లక్షలు, అంటే మొదటి దానికి నాలుగింతలు. ఈ చుక్కలన్నిటికీ సెకనుకు 60 సార్లో, 100 సార్లో రంగు లెక్కకట్టి ఇవ్వటమే గ్రాఫిక్స్ కార్డు చేసే పని. తెర పెద్దదైన కొద్దీ కార్డుకు పని పెరుగుతుంది, దానితో పాటు ఖర్చూ పెరుగుతుంది. తొలి కంప్యూటర్‌కు 1920 x 1080 తెర చాలు. 4కె మానిటర్ మోజులో పడి చౌక కార్డు కొంటే రెండూ వృథా.

హెర్ట్జ్ సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 బొమ్మలే చూపగలదు. యంత్రం 150 తయారు చేసినా కంటికి చేరేవి 60. వేగంగా గురిచూసి కాల్చే ఆటలు ఆడేవారికి 144 హెర్ట్జ్ లేదా అంతకు మించిన తెర వల్ల తేడా కనిపిస్తుంది. కథా గేములు, క్రికెట్ గేములు ఆడేవారికి అంత అవసరం లేదు. మొదటి కొన్ని నెలలు ఇంట్లో ఉన్న టీవీకే హెచ్‌డీఎంఐ తీగ తగిలించి గడపవచ్చు. అమ్మ సీరియల్ సమయానికి ఖాళీ చేయాలన్నదే దానిలో చిక్కు.

మార్చలేనిది మంచిది కొనండి

మధ్యతరగతి కుటుంబం పాటించదగిన సూత్రం ఒక్కటే అని నా అభిప్రాయం. తరువాత సులువుగా చేర్చుకోగలిగిన భాగాన్ని ఇప్పుడు తగ్గించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు. మార్చాలంటే యంత్రమంతా విప్పవలసిన భాగాన్ని మాత్రం మొదటే మంచిది కొనాలి.

మదర్‌బోర్డు మార్చాలంటే అన్నీ ఊడదీయాలి. ఎస్‌ఎంపీఎస్, అంటే పవర్ సప్లై, మార్చాలంటే తీగలన్నీ మళ్ళీ లాగాలి. గ్రాఫిక్స్ కార్డు మాత్రం రెండు స్క్రూలు, ఒక తీగ. రెండవ ఎస్‌ఎస్‌డీ ఒక్క స్క్రూ. మానిటర్ అయితే స్క్రూ కూడా అక్కరలేదు. కాని మన పిల్లలు చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఉన్న డబ్బంతా కార్డు మీద, రంగురంగుల దీపాల క్యాబినెట్ మీద పెట్టి, బోర్డు, ఎస్‌ఎంపీఎస్ దగ్గర బేరాలాడతారు.

ఈ సూత్రం ప్రకారం మొదటి విడతలో గ్రాఫిక్స్ కార్డే కొనకుండా మొదలుపెట్టవచ్చు. బొమ్మలు గీసే భాగాన్ని తనలోనే ఇముడ్చుకున్న ప్రాసెసర్లు ఉన్నాయి. ఏఎండీ కంపెనీ 2021లో విడుదల చేసిన రైజెన్ 5 5600జి, 2024 జనవరిలో వచ్చిన రైజెన్ 5 8600జి ఈ రకానివే. 8600జి మీద వాలరాంట్ 1920 x 1080లో చక్కగా ఆడవచ్చు. జీటీఏ 5 వంటి పాత పెద్ద గేములు నాణ్యత కొంత తగ్గించి ఆడవచ్చు. సైబర్‌పంక్ 2077 వంటివి మాత్రం దానికి భారమే. ఏడాది తరువాత డబ్బు సమకూరినప్పుడు కార్డు చేరిస్తే అదే యంత్రం పూర్తి గేమింగ్ కంప్యూటర్ అవుతుంది. ఈలోగా కాలేజీ పనులకు లోటు ఉండదు.

ఇందులో ఒక మెలిక ఉంది. 8600జికి చెల్లెలు వంటి 8500జి అనే ప్రాసెసర్ చౌకగా దొరుకుతుంది. ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు మధ్య సమాచారం వెళ్ళే దారులను లేన్లు అంటారు. 8600జి కార్డుకు 8 లేన్లు ఇస్తుంది, 8500జి 4 మాత్రమే ఇస్తుంది. రేపు కార్డు చేర్చే ఉద్దేశం ఉంటే ఆ చౌక ప్రాసెసర్ దగ్గరే దారి ఇరుకవుతుంది. మధ్యతరగతి ధరలో దొరికే ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌టీఎక్స్ 5060 కార్డులు తాము వాడేదే 8 లేన్లు కాబట్టి 8600జితో వాటికి పెద్ద నష్టం ఉండదు.

అక్షరాల అర్థం

ప్రాసెసర్ పేరు చివర ఉండే అక్షరం చూడకుండా కొని ఇంటికి వచ్చి తెల్లబోయేవారు ఎందరో. ఇంటెల్ ప్రాసెసర్లలో చివర "ఎఫ్" ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, దానిలో బొమ్మలు గీసే భాగం లేదని అర్థం. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే తెర మీద ఏమీ రాదు. కార్డు కూడా అదే రోజున కొనేవారికి "ఎఫ్" రకం మంచి బేరమే. ఏఎండీలో చివర "జి" ఉంటే బొమ్మల భాగం బలంగా ఉందని గుర్తు. రైజెన్ 5 7600 వంటి వాటిలో కూడా చిన్న బొమ్మల భాగం ఉంటుంది. తెర వెలగటానికి, చదువు పనులకు అది సరిపోతుంది; గేములకు కాదు.

సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే పీట. ఏఎం4 సాకెట్‌కు తొలి రైజెన్లు 2017లో వచ్చాయి. 2024లో కూడా అదే సాకెట్‌కు కొత్త ప్రాసెసర్లు విడుదలయ్యాయి. బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే అవకాశం ఏడేళ్ళు దొరికిందన్నమాట. దాని తరువాతి ఏఎం5ను 2027 వరకు, ఆ పైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 సాకెట్ 12, 13, 14 తరాలకు పనిచేసింది. 2024 అక్టోబరులో వచ్చిన తరం వేరే సాకెట్‌కు మారింది. కొంతకాలం తరువాత ప్రాసెసర్ పెంచుకోవాలనుకునేవారు ఏఎం5 వైపు చూడటం మంచిది.

బోర్డు కొనేటప్పుడు రెండు చిన్న విషయాలు అడగండి. వైఫై ఉందా? హాల్లో రౌటర్, గదిలో కంప్యూటర్ ఉండే ఇళ్ళలో ఇది ముఖ్యం. చాలా చౌక బోర్డులలో వైఫై ఉండదు. రెండవది, నేను కొనే ప్రాసెసర్‌ను ఈ బోర్డులోని బయాస్ గుర్తిస్తుందా? పాత స్టాకు బోర్డు అయితే బయాస్ అప్‌డేట్ చేయవలసి వస్తుంది. ఆ పని దుకాణంలోనే చేయించుకోండి.

ర్యామ్: ఒకటి కాదు, రెండు

16 జీబీ ర్యామ్ కావాలంటే 16 జీబీ ముక్క ఒకటి కొనవచ్చు, 8 జీబీ ముక్కలు రెండైనా కొనవచ్చు. రెండు కొనండి. ప్రాసెసర్‌కు, ర్యామ్‌కు మధ్య రెండు దారులు ఉంటాయి. ఒక్క ముక్క పెడితే ఒక దారి ఖాళీగా పడి ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు లేకుండా మొదలుపెట్టేవారికి ఇది మరీ ముఖ్యం. ప్రాసెసర్‌లోని బొమ్మల భాగానికి సొంత మెమరీ లేదు. అది ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండవ దారి మూసేస్తే గేము నత్తనడక నడుస్తుంది.

ఈ వ్యాసంలో ధరలు అచ్చు వేయకపోవటానికి కారణం కూడా ర్యామే. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు రెండింతలకు మించి పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు పెద్ద ఎత్తున కావలసి రావటంతో, తయారీదారులు అటు మొగ్గు చూపారు. క్రూషియల్ పేరుతో ఇళ్ళకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే మైక్రాన్ కంపెనీ ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇటువంటప్పుడు ఆరు నెలల నాటి ధరల పట్టిక ఎందుకూ పనికిరాదు. కొనే వారంలోనే ధర చూసుకోవాలి.

ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే దాన్ని విప్పి చూడండి. అందులో డీడీఆర్4 ర్యామ్ ఉంటే, ఏఎం4 బోర్డు, 5600జి తీసుకుని ఆ ర్యామ్‌నే వాడుకోవచ్చు. మెమరీ ప్రియంగా ఉన్న రోజుల్లో ఇది మంచి పొదుపు. డీడీఆర్4, డీడీఆర్5 ముక్కల గాడి వేరు వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదాని స్థానంలో మరొకటి పట్టదు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, అది డెస్క్‌టాప్‌కు సరిపోదు.

ఎస్‌ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. బోర్డు మీదే బిగించే ఎం.2 ఎన్‌విఎంఈ రకం 500 జీబీతో మొదలుపెట్టి, రెండవ ఎం.2 గాడి ఉన్న బోర్డు తీసుకుంటే చాలు. ఒక్కొక్క పెద్ద గేము 100 జీబీకి పైగా ఆక్రమిస్తుంది. ఆడటం పూర్తయినదాన్ని తీసేసి కొత్తది పెట్టుకోవటం అలవాటు చేసుకోవాలి.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర బేరం వద్దు

క్యాబినెట్ కొంటే ఎస్‌ఎంపీఎస్ ఉచితం అనే బేరం చెన్నైలో చాలాకాలంగా ఉంది. 2000ల నాటి అసెంబుల్డ్ కంప్యూటర్లకు ఆ ఉచిత డబ్బా ఎలాగో సరిపోయింది. ఇంటర్నెట్, టైపింగ్, పాటలు, అంతే కదా అప్పటి వాడకం. గ్రాఫిక్స్ కార్డు పెట్టే యంత్రానికి అది పనికిరాదు. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ప్రతి భాగానికి అందించేది ఇదే. ఇది చెడితే ఒక్కొక్కసారి తనతో పాటు బోర్డునూ, కార్డునూ తీసుకుపోతుంది.

డబ్బా మీద పెద్ద అక్షరాలతో "500 వాట్లు" అని ఉంటుంది. దాన్ని నమ్మకండి. పక్కన అతికించిన చిన్న పట్టికలో 12 వోల్టుల వరుస చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఈ 12 వోల్టుల నుంచే తాగుతాయి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే లెక్క సులభం. 12 x 18 = 216 వాట్లు. 500 అని అమ్మిన డబ్బాలో మనకు పనికివచ్చేది 216 మాత్రమే. మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో ఈ వరుసలో 45 ఆంపియర్ల దాకా ఉంటుంది, అంటే 540 వాట్లు. రెండవ గుర్తు కార్డుకు తగిలించే 6+2 పిన్నుల తీగ. అది లేని డబ్బా గేమింగ్‌కు తయారైనది కాదు. 80 ప్లస్ ముద్ర మూడవ గుర్తు. అది కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్పేదే కాని, ముద్ర ఉన్నంత మాత్రాన మిగిలినవన్నీ బాగున్నట్లు కాదు. ఐదేళ్ళు, ఆపైన వారంటీ ఇచ్చేదైతే తయారీదారుకే దాని మీద నమ్మకం ఉందనుకోవచ్చు.

ఎన్ని వాట్లు కావాలో ఇంట్లోనే కూడుకోవచ్చు. ఆర్‌టీఎక్స్ 5060 కార్డు 145 వాట్లు, 8600జి రకం ప్రాసెసర్ సుమారు 90, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ, బోర్డు వగైరా 60. మొత్తం 300కు దగ్గర. క్షణకాలం హెచ్చు కరెంటు లాగే సందర్భాలకు జాగా వదిలి 550 వాట్లు తీసుకుంటే చాలు. 850 వాట్లు అంటగట్టబోతే ఎందుకని అడగండి.

ఇదే లెక్క యూపీఎస్‌కు, కరెంటు బిల్లుకు కూడా పనికివస్తుంది. యూపీఎస్ మీద రాసే వీఏ, వాట్లు ఒకటి కావు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లకే తట్టుకుంటుంది. మొదటి విడతలో, కార్డు లేనప్పుడు, అది సరిపోతుంది. కార్డు చేర్చాక తెరతో కలిపి 330 వాట్లు దాటవచ్చు కాబట్టి 1000 వీఏ రకం కావాలి. బిల్లు విషయానికి వస్తే, రోజుకు మూడు గంటలు గేము ఆడితే సుమారు ఒక యూనిట్, రెండు నెలల బిల్లుకు 60 యూనిట్లు. మీ ఇంటి వాడకం స్లాబు అంచున ఉంటే ఆ 60 యూనిట్లే పై స్లాబులోకి తోయగలవు. మీటరు కార్డు చూసుకుని పిల్లలతో గంటల సంగతి మాట్లాడుకోవటం తల్లిదండ్రుల పని.

ఎర్త్ గురించి తప్పక చెప్పాలి. పాత ఇళ్ళలో మూడు పిన్నుల ప్లగ్గు పెట్టే చోటు ఉంటుంది కాని, మూడవ కన్నం వెనుక తీగ ఉండదు. క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటే కారణం చాలాసార్లు అదే. కంప్యూటర్ కొనే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ఒక్క ప్లగ్గు పరీక్ష చేయించండి. ఏ భాగం కన్నా ముందు పెట్టవలసిన ఖర్చు ఇదే.

గ్రాఫిక్స్ కార్డు: రెండవ విడత

కార్డు కొనే రోజుకు కొత్త నమూనాలు వచ్చి ఉంటాయి కాబట్టి పేర్ల కన్నా లక్షణాలు గుర్తుపెట్టుకోవటం మేలు. 1920 x 1080 తెరకు 8 జీబీ మెమరీ కనీసం. కొత్త గేములు కొన్ని 8 జీబీని దాటి అడుగుతున్నాయి. ఇంటెల్ ఆర్క్ బి580లో 12 జీబీ ఉంది. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 8, 16 జీబీలుగా రెండు రకాల్లో దొరుకుతుంది. ఒకే పేరుతో రెండు రకాలు ఉన్నప్పుడు బిల్లు మీద ఏది రాశారో చూసుకోండి. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునే విద్యార్థులకు, ఆ పాఠాలు చాలావరకు ఎన్విడియా వారి క్యూడా మీద ఆధారపడి ఉంటాయి కాబట్టి, ఆర్‌టీఎక్స్ కార్డే సౌకర్యం.

సెకండ్ హ్యాండ్ కార్డులు సగం ధరకు వస్తాయి. వాటి పుట్టుక తెలుసుకుని కొనాలి. 2022 సెప్టెంబరు వరకు ఎథీరియం అనే డిజిటల్ నాణేన్ని గ్రాఫిక్స్ కార్డులతో తవ్వేవారు. ఆ నెల 15న దాని పద్ధతి మారటంతో రాత్రింబవళ్ళు నడిచిన కార్డులు కుప్పలుగా అమ్మకానికి వచ్చాయి. అటువంటి కార్డు తప్పక చెడిపోతుందని చెప్పలేము, ఫ్యాన్లు అరిగి ఉండవచ్చు. మీ ఎదుట అరగంట గేము నడిపి చూపించని కార్డు కొనవద్దు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం సెకండ్ హ్యాండ్‌లో ఎవరిచ్చినా తీసుకోకండి.

రెండు విడతలూ పూర్తయ్యేసరికి, తెర కాకుండా యంత్రం మీద పెట్టిన ప్రతి నూరు రూపాయల్లో 35 నుంచి 40 కార్డుకు వెళ్ళటం సమంజసం. ప్రాసెసర్‌కు అందులో సగమో, కొంచెం ఎక్కువో చాలు. క్యాబినెట్‌కు అయిదారు రూపాయలకు మించి పెట్టనవసరం లేదు. ముందుభాగం అద్దంతో మూసి ఉన్న క్యాబినెట్ చూడటానికి అందమే, గాలి ఆడదు. కర్తరి రోజుల్లో, ఏసీ లేని గదిలో, జాలీ ముందుభాగం ఉన్న సాదా క్యాబినెట్టే యంత్రాన్ని కాపాడుతుంది. తిరువాన్మియూర్, బీసెంట్ నగర్ వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల కిటికీ పక్కన పెట్టవద్దు, ఇనుము తుప్పు పడుతుంది. ఇంకొకటి, నేల మీద పెట్టవద్దు. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులో కింది అంతస్తు ఇళ్ళలోకి నీళ్ళు వచ్చిన సంగతి వేళచేరి, ముడిచూరు వాసులకు చెప్పనవసరం లేదు.

రిచీ స్ట్రీట్‌లో

అన్నా సాలై పక్కన, చింతాద్రిపేట వైపు ఉన్న రిచీ స్ట్రీట్, నరసింగపురం వీధి, వాటి సందులు కలిసి దక్షిణాదిలో పేరున్న ఎలక్ట్రానిక్స్ బజారు. 2019 నుంచి మెట్రోలో గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్‌లో దిగి నడిచి వెళ్ళవచ్చు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి. పని దినాన ఉదయం వెళితే దుకాణదారుకు మాట్లాడే తీరిక ఉంటుంది.

మొదటి రోజు కొనటానికి వెళ్ళకండి. కాగితం మీద మీ జాబితా రాసుకుని, ప్రతి భాగానికి పూర్తి నమూనా పేరుతో మూడు దుకాణాల్లో కొటేషన్ తీసుకోండి. "16 జీబీ ర్యామ్, 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్" అని రాసిన కొటేషన్ కొటేషన్ కాదు. కంపెనీ, నమూనా, వారంటీ ఎన్నేళ్ళు అన్నది ఉండాలి. ఆ సాయంత్రం ఇంటర్నెట్ అమ్మకపు ధరలతో పోల్చుకోండి. హైదరాబాదులో బంధువులున్నవారు సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ధరలు కూడా ఫోనులో కనుక్కోవచ్చు. కాని వేరే ఊళ్ళో కొన్న వస్తువు చెడితే తిరిగి పంపే శ్రమ ఎంతో ముందే ఆలోచించుకోవాలి.

"బిల్లుతోనా, బిల్లు లేకుండానా?" అన్న ప్రశ్న ఎదురుకావచ్చు. కంప్యూటర్ విడిభాగాల మీద జీఎస్‌టీ 18 శాతం. అది మిగులుతుందని ఆశపడి బిల్లు వదులుకున్నవారు వారంటీని వదులుకున్నట్లే. పెట్టెలో వచ్చే ప్రాసెసర్‌కు ఇంటెల్, ఏఎండీ ఇద్దరూ మూడేళ్ళ వారంటీ ఇస్తారు. పెట్టె లేకుండా విడిగా అమ్మే "ట్రే" ప్రాసెసర్‌కు ఆ హామీ దుకాణదారుదే, కంపెనీది కాదు. బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకుని, పెట్టె మీది నంబరుతో సరిచూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. చెన్నైలో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీ అయితే వంద రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి.

విండోస్ ఖర్చు జాబితాలో చేర్చటం చాలామంది మరచిపోతారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి విండోస్ 11 కావాలి. లినక్స్ ఉచితం, ఎన్నో గేములు దాని మీదా నడుస్తాయి. వాలరాంట్ మాత్రం నడవదు. దుకాణంలో "ఉచితంగా వేసి ఇస్తాం" అనే విండోస్ దొంగ ప్రతి అయి ఉండే అవకాశం ఎక్కువ. బ్యాంకు పనులు కూడా చేసే యంత్రంలో దాన్ని ఉంచకూడదు.

అమర్చిన రోజు

అమర్చటానికి స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, మూడు గంటల తీరిక కావాలి. తల్లిదండ్రుల్లో ఒకరు పక్కన కూర్చుంటే మరీ మంచిది. తీగ పీకి ఉన్నప్పుడే లోపల చేయి పెట్టాలి. ఏఎం4 ప్రాసెసర్‌కు పిన్నులు దాని అడుగునే ఉంటాయి. ఏఎం5, ఇంటెల్ వాటికి బోర్డు మీద ఉంటాయి. ఎక్కడున్నా వాటిని వేలితో తాకవద్దు. వంగిన పిన్నుకు వారంటీ వర్తించదు. ప్రాసెసర్ మూలన ఉన్న చిన్న త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణంతో కలిపి పెడితే తనంత తానే కూర్చుంటుంది, నొక్కనవసరం లేదు. ర్యామ్ మాత్రం గట్టిగా నొక్కాలి, టక్కుమని చప్పుడు వచ్చేదాకా. నాలుగు గాళ్ళున్న బోర్డులో రెండు ముక్కలు సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండవ, నాలుగవ గాళ్ళలో పెట్టాలి. బోర్డుతో వచ్చే పుస్తకంలో బొమ్మ ఉంటుంది.

యంత్రం వెలిగాక మూడు పనులు మిగులుతాయి. బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ అనే మీట ఆన్ చేయాలి, లేకపోతే డబ్బు పెట్టి కొన్న ర్యామ్ తక్కువ వేగంతో నడుస్తుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగులలో హెర్ట్జ్ మార్చాలి. 144 హెర్ట్జ్ తెరను నెలల తరబడి 60లోనే వాడుతున్న ఇళ్ళు ఉన్నాయి. కార్డు చేర్చిన రోజున మానిటర్ తీగను బోర్డు నుంచి తీసి కార్డుకు తగిలించాలి. లేకపోతే కొన్న కార్డు పనిలేకుండా కూర్చుంటుంది, బొమ్మలన్నీ పాత భాగమే గీస్తూ ఉంటుంది.

మొదటి వారంలో యంత్రాన్ని వరుసగా రెండు మూడు గంటలు గేముతో నడిపి చూడండి. లోపమున్న భాగం చాలావరకు అప్పుడే బయటపడుతుంది, దుకాణదారు మార్చి ఇచ్చే గడువు కూడా అప్పుడే ఉంటుంది. పెట్టెలు, లోపలి అట్టలు వారంటీ తీరేదాకా అటక మీద ఉంచండి. బిల్లు అచ్చు కొన్నాళ్ళకు చెరిగిపోతుంది కాబట్టి ఆ రోజే ఫోటో తీసి అమ్మ, నాన్న ఇద్దరి ఫోనుల్లోనూ పెట్టుకోండి. వారంటీలో ఉన్న వస్తువును మార్చి ఇవ్వటానికి దుకాణం గాని, కంపెనీ గాని నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అక్కడ మొదట అడిగేది ఆ బిల్లునే.